ఖమ్మంలో కొన్న శాలువా

మా ఫ్యాక్టరీ కంప్యూటర్లో పాయం జ్యోతి పేరు ఎదురుగా ‘చెప్పకుండా పని మానేసింది’ అని ఉంది. ఆ మాట తప్పు. దిద్దమని అడిగాను. గడువు దాటాక మూసేసిన పేరును తిరిగి తెరవడం కుదరదన్నారు. అక్కడ కుదరనిది కాగితం మీద కుదురుతుంది కనక, నేను వెళ్లి చూసి వచ్చింది ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి చెప్పకుండా వెళ్లలేదు. ఒక్కొక్కరికీ చెప్పి మరీ వెళ్లింది. వినడం మాకే చేతకాలేదు.

నా గురించి రెండు ముక్కలు. మాది కనిగిరి దగ్గర ఒక మెట్ట పల్లె. ఇంటర్ తప్పాక కాలేజీ గడప తొక్కలేదు గానీ శాఖా గ్రంథాలయం గడప మాత్రం అరగదొక్కాను. యంత్రాల గురించీ, జపాన్ వాళ్ల ఫ్యాక్టరీ పద్ధతుల గురించీ, అడవి పల్లెల ఆచారాల గురించీ అక్కడి చెక్క బల్ల మీదే చదువుకున్నాను. చెన్నై అవతల ఉన్న ఒక పెద్ద కార్ల ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరిన నన్ను శిక్షణ విభాగం దాకా తెచ్చింది ఆ చదువేనని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాను. తెలుగు జిల్లాల నుంచి వచ్చే కొత్తవాళ్లకు పని నేర్పడం నా ఉద్యోగం.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. కార్లు ఒక లైను మీద మెల్లగా కదిలి వస్తుంటాయి. ఒక్కొక్కరు ఒక్కో పని చేసి పంపిస్తారు. నెత్తి మీద పొడుగునా ఒక పసుపు తాడు ఉంటుంది. ఎక్కడ తేడా కనిపించినా, నిన్న చేరిన మనిషైనా సరే, ఆ తాడు లాగవచ్చు. లాగితే లైను ఆగుతుంది. “తాడు లాగినవాళ్లను ఎవరూ తిట్టరు. తప్పు మనిషిది కాదు, పద్ధతిది” అని మొదటి రోజే చెబుతాం. చెప్పినా కొత్తవాళ్లెవరూ లాగరు. అంత పెద్ద లైనును నా చేత్తో ఆపడమా అని భయం.

జ్యోతి లాగింది. భద్రాచలం ఉద్యోగ మేళాలో ఎంపికై వచ్చిన కోయ అమ్మాయి ఆమె. తలుపుల చుట్టూ రబ్బరు పట్టీ బిగించే పని. ఒకరోజు తలుపు లోపలి క్లిప్పు కూర్చున్నప్పుడు రావలసిన ‘టక్’ చప్పుడు రావడం లేదని అనుమానం వచ్చి తాడు లాగింది. వెతికి చూస్తే ఆ పూట వచ్చిన క్లిప్పుల పెట్టె మొత్తం వేరే కొలతది. మర్నాడు పొద్దుటి సమావేశంలో పెద్దలంతా ఆమెను ముందుకు పిలిచి సన్మానం చేశారు. ఆ రోజు నేను వేరే షెడ్డులో ఉన్నాను, చూడలేదు. సన్మానం అయిన తర్వాత జ్యోతి మళ్లీ పనిలోకి రాలేదు. ఫోను పలకలేదు. పెళ్లి కుదిరి ఉంటుందని కొందరు, ఇంటి మీద బెంగ అని కొందరు అనుకున్నారు. కొన్నాళ్లకు పేరు మూసేశారు.

ఎండలు మొదలయ్యాక టీమ్ లీడర్ శిక్షణకు ఎంపికైనవాళ్ల పేర్లు వచ్చాయి. అందులో జ్యోతి పేరు ఉంది. తాడు లాగిన రోజునే ఎవరో సిఫారసు చేసి పంపారన్నమాట. ఆ శిక్షణ పూర్తయితే ఉద్యోగం పర్మినెంటు. మా విభాగం పెద్ద శేఖరన్ గారు నన్ను పిలిచి, “సోమవారం పొద్దున ఆమె వచ్చి నిలబడితే పేరు నేను తెరిపిస్తాను. సోమవారం దాటితే నా చేతుల్లో ఉండదు. వెళ్లి తీసుకురండి” అన్నారు. గురువారం సాయంత్రం రైలెక్కాను.

ఖమ్మం

తెల్లవారి ఖమ్మంలో దిగేసరికే ఎండ చురుక్కుమంటోంది. స్టేషను బయట చాయ్ పదిహేను రూపాయలు. మా వైపు టీ అంటే నీళ్లూ పాలూ సమానం. ఇక్కడ పాలు చిక్కగా మరిగి, తాగాక పెదవి మీద మీగడ మిగిలింది.

కొత్త ఊరికి వెళ్లినప్పుడు ముందు ఇంటి పెద్దను గౌరవించి, తర్వాతే వచ్చిన పని చెప్పాలని ఎప్పుడో చదివాను. జ్యోతి తండ్రికి ఒక శాలువా కప్పుదామని బస్టాండు దగ్గర బట్టల కొట్టుకు వెళ్లాను. కొట్టు యజమాని యాకూబ్ పాషా. తాత నాటి నుంచీ అదే వీధిలో బట్టల వ్యాపారం. గల్లా దగ్గర కూర్చుని చేత్తో విసనకర్ర ఆడిస్తున్నాడు.

“సాల్వానా? రిటైర్మెంటా సార్, ట్రాన్స్‌ఫరా?” అన్నాడు.

“రెండూ కాదు. ఒక పెద్దాయనకు కప్పాలి.”

“ఏడికి పోతున్నడు ఆయన?”

“ఎక్కడికీ పోవడం లేదు. ఊళ్లోనే ఉంటాడు.”

“అరె, పోనోనికి సాల్వా ఎందుకు సార్!” అని నవ్వాడు. “వచ్చినోనికి దండేస్తరు. అది పూలోల్ల గిరాకీ. పోయేటోనికి సాల్వా. ఇది నా గిరాకీ. మొన్న మార్చి ఆఖరుకు రావాల్సింది మీరు. సార్లు, ఇంజనీర్లు, తాసిల్దార్లు రిటైరయితుంటే నాకు చాయ్ తాగ పుర్సత్ లేదు.”

నేనూ నవ్వాను. ఆయన వ్యాపారం ధోరణి అనుకున్నానే గానీ ఆ మాటను పట్టుకోలేదు. ముదురు ఎరుపు రంగుది, ఆకుపచ్చ అంచుది తీశాడు. నాలుగు వందలు చెప్పి మూడు వందలకు ఇచ్చాడు. కాగితంలో చుడుతూ, “తడవనీయకుండ్రి సార్. తడిస్తే రంగు ఇడుస్తది. ముందే చెప్తున్న, మళ్లొచ్చి నన్ను తిట్టకుండ్రి” అన్నాడు. అమ్మేవాడు తన సరుకు లోపం తానే చెప్పడం మా ఊరి సంతలో నేనెన్నడూ వినలేదు.

కల్లూరు దగ్గర

అశ్వారావుపేట బస్సులో కిటికీ సీటు దొరికింది. వైరా దాటాక రోడ్డు పక్క కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బస్సు వాటి పక్కగా వెళ్లినప్పుడల్లా అందరం కలిసి తుమ్మాం. పక్క సీట్లో సత్తెమ్మ అనే ఆమె, మిర్చి కోతల నుంచి కూతురింటికి వెళుతోంది.

“ఏం పని జేస్తవు బిడ్డా?” అని అడిగింది.

“కార్ల ఫ్యాక్టరీలో పని అమ్మా.”

“కార్లు జేస్తవా?”

“అవును.”

“మరి బస్సుల వస్తివేంది!”

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. నేను కార్లు చేయననీ, చేసేవాళ్లకు నేర్పుతాననీ చెప్పుకున్నాను.

“అంటే నువ్వు జెయ్యవు. చేసేటోల్లకు చెప్తవు.”

“అంతే అనుకో.”

“మా మేస్త్రి గూడ గంతే” అంది సత్తెమ్మ. ఈసారి కండక్టరు కూడా నవ్వాడు.

కల్లూరు ఇంకా రాకముందే వెనక టైరు పంక్చరైంది. అందరం దిగి వేపచెట్టు నీడకు చేరాం. స్టెప్నీ బిగించేలోగా సత్తెమ్మ తమ కోతల ముఠా సంగతి చెప్పింది. ఆడవాళ్లంతా కలిసి ఒక ఆటో మాట్లాడుకుని చేలకు వెళతారట.

“ఒక్కలు రాకుంటే?” అని అడిగాను. మా ఫ్యాక్టరీలో గైర్హాజరు మీద నేను పాఠం చెబుతాను, అందుకని ఆసక్తి.

“రాకుంటే ఆటో కదలదు. ఆమె ఇంటి ముంగటికి పోయి హారన్ కొడుతనే ఉంటం. జరమొచ్చిందా, మొగడు తన్నిండా, అలిగిందా, ఏదో ఒకటి చెప్పాలె గద. చెప్పినంకనే కదులుతం.”

“ఆలస్యమైతే రైతు ఊరుకుంటాడా?”

“తిడ్తడు. తిట్టనియ్యి” అంది.

బస్సు కల్లూరులో ఆగినప్పుడు లక్ష్మి అనే ఆమె నడిపే మెస్సులో తిన్నాను. భోజనం వంద రూపాయలు. మామిడికాయ పప్పు, కోడిగుడ్డు కూర, పచ్చిపులుసు. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, పొయ్యి మీద పెట్టకుండానే వడ్డించారు. మా వైపు పులుసంటే మరగాల్సిందేనన్నాను.

“మరిగిస్తే గది చారైతది. పచ్చిపులుసు ఎట్లైతది?” అని ఇంకో గరిటె పోసింది లక్ష్మి. కలుపుకుని తిన్నాను. బాగుంది. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను.

అశ్వారావుపేట

సత్తుపల్లి దాటాక భూమి రంగే మారిపోయింది. పామాయిల్ తోటలు. వరసలు వరసలుగా చెట్లు, కింద చీకటి లాంటి నీడ. ఎర్రటి గెలలు నింపుకున్న ట్రాక్టర్లు మా బస్సుకు దారివ్వకుండా ముందు నడిచాయి. అశ్వారావుపేటలో దిగగానే గాలిలో ఉడికిన నూనె వాసన తగిలింది. ఇక్కడి మాట సగం తెలంగాణ, సగం గోదావరి. ఒకే హోటల్లో ఒకాయన ‘ఏంది’ అంటే ఇంకొకాయన ‘ఏంటి’ అంటాడు, ఇద్దరూ ఒకే బల్ల మీద ఇడ్లీ తింటారు.

లాడ్జి గదికి ఐదు వందలు. మర్నాడు పొద్దున చాయ్ బండి దగ్గర జ్యోతి వాళ్ల గూడెం పేరు చెప్పి దారి అడుగుతుంటే, నాగేశ్వరరావు అనే యువకుడు మోటారు సైకిలు ఆపాడు. పామాయిల్ తోటల్లో గెలలు కోయించే పని అతనిది.

“జ్యోతా? గెలల కాటా కాడ లెక్క చూసే జ్యోతేనా? నేను అటే వెళ్తున్నా, ఎక్కండి. కిరాయి వద్దు, పెట్రోలు పోయించండి చాలు” అన్నాడు.

జ్యోతి పని చేస్తోందంటే పెళ్లీ కాదు, బెంగా కాదు. మరి ఎందుకు వచ్చేసింది? దారి పొడుగునా అదే ఆలోచన. తారు రోడ్డు అయిపోయి, మట్టి రోడ్డు అయిపోయి, చివరకు వాగు వచ్చింది. నీళ్లు మోకాలి లోతుకు మించవు గానీ రాళ్లు పాచి పట్టి ఉన్నాయి. నడి వాగులో బండి జారింది. ఇద్దరం పడ్డాం. పడుతూనే యాకూబ్ పాషా హెచ్చరిక గుర్తొచ్చి శాలువా పొట్లాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను.

“సార్! ఫోను నీళ్లల్లో పెట్టుకొని గుడ్డ పైకి పట్టారేంటి!” అని అరిచాడు నాగేశ్వరరావు.

నిజమే. జేబులో ఫోను మునిగిపోయింది. ఆ తర్వాత ఆ ప్రయాణమంతా అది వెలగలేదు.

వాగు దాటాక

గూడెంలో ప్రతి ఇంటి ముందూ ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. తీపి వాసన, మధ్యాహ్నానికి కొంచెం మత్తు కలిసిన తీపి. జ్యోతి తండ్రి ముత్తయ్య గారు వెదురు చీల్చి తడక అల్లుతున్నారు. తడిసిన ప్యాంటుతో నేను నమస్కారం పెట్టి, ఫ్యాక్టరీ నుంచి వచ్చానని చెప్పగానే ఆయన లేచి నిలబడ్డారు. ఇదే సమయమనుకుని పొట్లం విప్పి శాలువా దులిపాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

అప్పుడే ఇంటి వెనక నుంచి బిందెతో జ్యోతి వచ్చింది. నన్ను చూసి నవ్వబోయి, నా చేతిలోది చూసి ఆగిపోయింది. తండ్రితో కోయలో ఏదో అంది. తర్వాత నాతో,

“సార్, మా నాయన్ను గూడ తీసేస్తున్నరా?” అంది.

నాకు అర్థం కాలేదు. “ఎక్కణ్నుంచి తీసేయడమమ్మా?”

“ఏమో సార్. మీరు సాల్వా గప్పిండ్రంటే తీసేసినట్టే గద.”

బిందె దించి, నాకు మంచం వాల్చి, ఆమె చెప్పిన సంగతి ఇది. మా ఫ్యాక్టరీలో ట్రైనీల గడువు పూర్తయినప్పుడు వాళ్లను నిలబెట్టి శాలువా కప్పి, స్వీటు డబ్బా ఇచ్చి, ఫొటో తీసి పంపుతారు. జ్యోతి చేరిన కొత్తలో తనకంటే ముందొచ్చిన బ్యాచికి అలాగే జరగడం చూసింది. మర్నాడు గేటు దగ్గర వాళ్ల కార్డులు పని చేయలేదు. అంతకుముందు చదివిన ఆశ్రమ పాఠశాలలోనూ అంతే, సార్లు బదిలీ అయి వెళ్లే రోజే శాలువా.

“నన్ను ముందుకు పిలిచి గట్లనే కప్పిండ్రు సార్. పెద్ద సారు ఇంగ్లీషుల మాట్లాడిండు. అందరు సప్పట్లు కొట్టిండ్రు. ఏందక్కా అని పక్కపొంటి ఉన్న తమిళక్కను అడిగితె, నీ గురించే అన్నది. ఫొటో దిగినం. స్వీటు డబ్బ ఇచ్చిండ్రు. నిన్న తాడు లాగిన, ఇయ్యాల పంపిస్తున్నరు అనుకున్న.”

“అయ్యో, అది మెచ్చుకోలు కదమ్మా. ఎవరినైనా అడగవలసింది.”

“అడగబోయిన సార్. గంతల్నే మా సూపర్‌వైజర్ వచ్చి, ‘రేపు నువ్వు రావద్దు’ అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. మంచోడు, తిట్టకుండ నవ్వుకుంట పంపుతున్నడు అనుకున్న.”

నేను నుదురు కొట్టుకున్నాను. లైను ఆపి పెద్ద నష్టం తప్పించినవాళ్లకు మా దగ్గర ఒక రోజు జీతంతో సెలవు ఇస్తారు. ఆ సూపర్‌వైజర్ తమిళుడు. రేపు రానక్కర్లేదు, విశ్రాంతి తీసుకో అని చెప్పడానికి తనకు వచ్చిన తెలుగు అదే. ఆ మాట చెప్పాను. జ్యోతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొయ్యి దగ్గరున్న తల్లి సీతమ్మ గారు ఏమైందని అడిగితే కోయలో చెప్పింది. సీతమ్మ గారు నవ్వలేదు. కట్టె పుల్లను పొయ్యిలోకి తోశారు.

“మరి ఎవరికీ చెప్పకుండా ఎందుకు వచ్చేశావు?” అన్నాను.

“చెప్పకుండ వస్తనా సార్!” జ్యోతి నొచ్చుకుంది. “లైను మీద ఒక్కొక్కల కాడికి పోయి చెప్పిన. పోయొస్త అక్కా, పోయొస్త అన్నా అని. అందరు మంచిది మంచిది అన్నరు. పోతున్న అనద్దు గద సార్, పోయొస్త అనాలె. హాస్టల్ల చెప్పిన. గేటు కాడ బూట్లు, టోపీ ఇచ్చిన. గేటు కాడాయన తీస్కొని అరల పెట్టిండు.”

సీతమ్మ గారు అన్నం పెట్టారు. చింతచిగురులో ఎండుచేపల కూర. కల్లూరులో మామిడికాయ పప్పు తిన్న సంగతి చెబితే ముత్తయ్య గారు నవ్వి, “మా దిక్కు మామిడి పండుగ ఇంక గాలే సారూ. పండుగ చేస్కున్నంకనే కాయ ముడ్తం” అన్నారు. వాళ్ల ఇంటి పక్క చెట్టుకు కాయలు చేతికందేలా వేలాడుతున్నాయి. మా ఊళ్లో అలాంటి చెట్టుకు పిందె మిగలదు.

అన్నం తింటుండగా జ్యోతి ఉన్నట్టుండి అడిగింది. “ఒక్క క్లిప్పు తక్కువైతే తాడు లాగమంటిరి గద సార్. నేను తక్కువైనప్పుడు ఎవ్వలు లాగలేదా?”

సత్తెమ్మ ముఠా ఆటో, ఇంటి ముందు హారన్ గుర్తొచ్చాయి. ఫ్యాక్టరీల గురించి నేను చదివిన పుస్తకాల్లో, రాని మనిషిని గురించి ఎన్నో పేజీలు ఉన్నాయి. రానందువల్ల ఎంత పని పోతుందో, ఆ ఖాళీ ఎలా నింపాలో చక్కగా రాసి ఉంది. ఇంటి ముందు హారన్ కొట్టడం మాత్రం ఎక్కడా చదవలేదు.

ఈ ఊరి నుంచి ఇంకా ఇద్దరు అమ్మాయిలు మా ఫ్యాక్టరీకి రావలసి ఉందట. “ఆల్లు అడిగిండ్రు, ఎట్లుంటదే అని. ఏం చూసినా చూడనట్టుండుండ్రి, చెప్పినోల్లను పంపిస్తరు అన్న. గట్లయితే ఎందుకు పోవుడు అని ఆల్లు పోనే లేదు” అని జ్యోతి తల దించుకుంది.

అప్పుడు టీమ్ లీడర్ శిక్షణ సంగతి చెప్పాను. సోమవారం పొద్దున అక్కడ నిలబడితే చాలనీ, ఆదివారం తెల్లవారుజామున ఖమ్మంలో రైలు అందాలంటే ఈ పూటే బస్సెక్కాలనీ అన్నాను. ఆమె మొహం వెలిగింది. తండ్రి వంక చూసింది. ఆయన “నీ ఇష్టం” అన్నట్టు తలూపారు. అంతలోనే ఆ వెలుగు తగ్గింది.

“గెలల సీజను మొదలైంది సార్. కాటా పని ఆడోల్లందరం కలిసి ఒప్పుకున్నం. ఎవలి ట్రాక్టర్ ఎంత తూగింది చూసి చెప్పేది నేనే. నన్ను నమ్మి ఒప్పుకున్నరు. వానలు పడేదాక ఉంటనన్న. వానలు పడ్డంక వస్త. నాకు రావాలనే ఉంది. అడుగుండ్రి సార్, ఆగుతరేమో.”

సిగ్నల్ గుట్ట

ఫోను మాట్లాడాలంటే గూడెం వెనక గుట్ట ఎక్కాలి. అందరూ దాన్ని సిగ్నల్ గుట్ట అంటారు. జ్యోతి ఫోను తీసుకుని, నా గుర్తింపు కార్డు వెనక ఉన్న నంబరు నొక్కాను. కింద వాగు, అవతల పామాయిల్ తోటల పచ్చదనం, ఇవతల అడవి ఆకు రాల్చి గోధుమ రంగులో ఉంది.

శేఖరన్ గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన మొదట నవ్వారు. తర్వాత ‘అయ్యో’ అన్నారు.

“రెండు మూడు నెలలు ఆగగలమా?” అన్నాను.

“బ్యాచి సోమవారం మొదలవుతుందండీ. ఖాళీ ఉంచలేం. గైర్హాజరుకు కారణం అన్న గడిలో ఏమని రాయమంటారు? శాలువా కప్పాం అని రాయనా?”

“నిజం అదే కదా సార్.”

“నిజమే. ఆ గడిలో రాయడానికి పనికొచ్చే నిజం కాదు” అన్నారు. గొంతులో బాధ ఉంది, అది నాకు తెలుసు. “వానల తర్వాత కొత్త ట్రైనీగా దరఖాస్తు పెట్టమనండి. నేను చూస్తాను.”

ఫోను తిరిగి ఇస్తుంటే జ్యోతి అడగకుండానే గ్రహించింది.

“మళ్ల మొదటి నుంచా సార్?”

“అవునమ్మా.”

“రబ్బరు కాడి నుంచి?”

“అవును.”

“రబ్బరు పని మంచిగనే ఉంటుండె” అంది మెల్లగా, తోటల వైపు చూస్తూ. “తలుపు ఏసినప్పుడు ఆ సప్పుడు నాకు ఇష్టముండె.”

నాకు ఉండబట్టలేదు. “జ్యోతీ, ఒక్కసారి ఆలోచించు. కాటా ఇంకెవరైనా చూసుకుంటారు. ఇప్పుడు బయలుదేరితే అందుతాం.”

ఆమె నా వంక తిరిగింది. కోపం లేదు. “ఆల్లంత తోటలల్ల పనికి పోయిండ్రు సార్. సాయంత్రం కాటా షురూ అయ్యేదాక రారు. ఇప్పుడు నేను బస్సెక్కితే, గప్పుడు నిజంగనే చెప్పకుండ పోయినదాన్నైత గద.”

గుట్ట దిగుతున్నప్పుడు ఆమె ముందు, నేను వెనక. ఎండుటాకుల మీద నా బూట్ల చప్పుడే పెద్దగా వినిపించింది. బూట్లలో ఇంకా వాగు నీళ్లున్నాయి.

తిరుగు దారి

నాగేశ్వరరావు బండి తెచ్చాడు. బయలుదేరుతుంటే ముత్తయ్య గారు ఆగమని సైగ చేసి లోపలికి వెళ్లారు. నేను మంచం మీద వదిలేసిన శాలువాను మడత పెట్టి ఉంచారు. దాన్ని విప్పి నా భుజాల చుట్టూ కప్పారు.

“ఇది మీకే సారూ. పోయేది మీరు గద” అన్నారు.

చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు నవ్వారు. జ్యోతి చప్పట్లు కొట్టింది, మిగతావాళ్లూ కొట్టారు. ముత్తయ్య గారి కళ్లలో వెక్కిరింత వెతికాను. లేదు. దూరం నుంచి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదన్న మర్యాద ఒక్కటే ఉంది. “పోయొస్తాను” అన్నాను. “మంచిది” అన్నారు అందరూ. ఫ్యాక్టరీలో జ్యోతి విన్న మాట కూడా అదే.

శాలువా తీసేస్తే ఆయనను అవమానించినట్టవుతుందని వాగు దాటేదాకా ఉంచుకున్నాను. దాటాక తీయబుద్ధి కాలేదు. అశ్వారావుపేటలో బస్సెక్కితే కండక్టరు చూసి, “ఏం సార్, రిటైర్మెంటా?” అన్నాడు. వివరించే ఓపిక లేక “అవ్” అన్నాను. ఒకతన్ని లేపి మరీ ముందు సీటు ఇప్పించాడు. ఖమ్మం చేరేసరికి చెమటకు శాలువా రంగు వదిలింది. తెల్ల చొక్కా మెడా భుజాలూ ఎర్రబడ్డాయి. ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోలేదు. ఆ చొక్కా వేసుకునే పాఠాలు చెబుతున్నాను.

ఫ్యాక్టరీలో జరిగిందంతా పెద్దల ముందు చెప్పాను. ఇప్పుడు తాడు లాగినవాళ్లకు శాలువా కప్పడం లేదు, టిఫిన్ క్యారియర్ ఇస్తున్నారు. సెలవు సంగతి వాళ్ల భాష తెలిసినవాళ్లే చెప్పాలని నియమం పెట్టారు. గేటు దగ్గర బూట్లు తిరిగి ఇచ్చేవాళ్లను ‘ఎందుకు ఇస్తున్నావు’ అని అడగాలని కూడా రాసిచ్చాను. అది ఇంకా పరిశీలనలో ఉంది. టీమ్ లీడర్ బ్యాచిలో జ్యోతి స్థానంలో వచ్చినాయన బాగానే పని చేస్తున్నాడు. ఆయన తప్పేమీ లేదు. అయినా రబ్బరు పట్టీ బిగించే చోటికి వెళ్లినప్పుడల్లా తలుపు చప్పుడు చెవిన పడి, కాసేపు నిలబడిపోతాను.

ఇక కృతజ్ఞతలు. రంగు గురించీ శాలువా గురించీ కూడా నిజమే చెప్పిన ఖమ్మం యాకూబ్ పాషా గారికి, చెప్పిన రెండింటిలో ఒక్కటే విన్నందుకు క్షమాపణతో సహా. బస్సులో నవ్వించిన సత్తెమ్మకు. అడగకుండానే ఇంకో గరిటె పోసిన కల్లూరు లక్ష్మి గారికి. వాగులోంచి నన్ను లేపిన నాగేశ్వరరావుకు. వచ్చినందుకు కోప్పడకుండా అన్నం పెట్టిన సీతమ్మ గారికి. నన్ను నిండుగా సాగనంపిన ముత్తయ్య గారికి. నా మొర చివరిదాకా విన్న శేఖరన్ గారికి.

జ్యోతికి ఎలా చెప్పాలో తెలియక ఆగాను. ముందుకు పిలవడం, చప్పట్లు కొట్టడం, ఫొటో తీయడం, నాకు తెలిసిన పద్ధతులన్నీ ఆమెను పంపించేసేవే. అందుకని ఇంతే రాస్తున్నాను. జ్యోతీ, లైను మీద ఒక్కొక్కరి దగ్గరా ఆగి నువ్వు ‘పోయొస్త’ అన్నావు. అందులో పోవడమొక్కటే అందరం విన్నాం. ‘వస్త’ అనడం కూడా ఉంది.